తలుపు తీయని ఇళ్ల లెక్క

సర్వేలకు జవాబు రాని చోట అంచనాలను సవరించేదెలా? ఆ సవరణలోనే కోట్లాది పేదలు పెరగవచ్చు, తరగవచ్చు

దేశంలో కడు పేదలు ఎందరు? 2022 ఏప్రిల్‌లో ఈ ప్రశ్నకు రెండు సమాధానాలు వెలువడ్డాయి. అంతర్జాతీయ ద్రవ్యనిధి ప్రచురించిన అధ్యయన పత్రంలో సుర్జీత్ భల్లా, కరణ్ భాసిన్, అరవింద్ విర్మానీ 2019లో వారి సంఖ్య జనాభాలో 0.8 శాతమేనని లెక్కగట్టారు. అదే నెలలో వెలువడిన ప్రపంచ బ్యాంకు పత్రంలో సుతీర్థ సిన్హా రాయ్, రాయ్ వాన్ డెర్ వైడ్ అదే సంవత్సరానికి 10.2 శాతమని తేల్చారు. గీత ఒక్కటే: తలసరి రోజుకు 1.90 డాలర్లు. దేశమూ ఒక్కటే, సంవత్సరమూ ఒక్కటే. తేడా మాత్రం దాదాపు 13 కోట్ల మంది.

వార్తాసంస్థలు పంపిన కథనాలలో ఈ తేడాకు కారణం ఒక్క వాక్యంలో ముగిసింది: 'లెక్కించే పద్ధతులు వేరు.' ఆ ఒక్క వాక్యం వెనుక ఏడు దశాబ్దాల వాదం ఉంది. సర్వే కోసం వెళ్లినప్పుడు కొందరు జవాబు చెబుతారు, కొందరు చెప్పరు. చెప్పనివారి వాటాను ఎలా పూడ్చాలన్నదే ఆ వాదంలోని ఒక ముఖ్యాంశం.

ఒక ఇల్లు వెయ్యి ఇళ్లకు ప్రతినిధి

1950 అక్టోబరులో జాతీయ నమూనా సర్వే మొదటి విడత ప్రారంభమైంది. ప్రొఫెసర్ పి.సి.మహలనోబిస్ రూపకల్పన చేసిన ఈ వ్యవస్థ సూత్రం సరళమైనదే. అన్ని ఇళ్లకూ వెళ్లనవసరం లేదు. లాటరీ పద్ధతిలో కొన్ని గ్రామాలను, పట్టణ బ్లాకులను ఎంచుకుని, వాటిలో కొన్ని ఇళ్లను ఎంచుకుంటే చాలు. అలా ఎంపికైన ప్రతి ఇంటికీ ఒక 'గుణకం' ఉంటుంది. ఆ ఇల్లు ఎన్ని ఇళ్లకు ప్రతినిధిగా నిలబడుతున్నదో చెప్పే అంకె అది. 2022-23 కుటుంబ వినియోగ వ్యయ సర్వేలో 2,61,746 కుటుంబాలను ప్రశ్నించారు. 2011 జనగణన నాటి దాదాపు 25 కోట్ల కుటుంబాలతో లెక్క వేసినా, ఒక్కొక్క కుటుంబం సగటున 950కి పైగా కుటుంబాల తరఫున మాట్లాడిందన్నమాట.

కనుక ఒక ఇంటి తలుపు తెరుచుకోకపోతే పోయేది ఆ ఇంటి లెక్క ఒక్కటే కాదు. దాని వెనుక నిలబడిన వందలాది ఇళ్ల లెక్క కూడా పోతుంది.

తలుపు తీయని ఇళ్లు ఎటువంటివి? పల్లెలో ఎన్యూమరేటర్ వచ్చాడంటే అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడే గృహస్థులు ఎక్కువ. కూలికి పోయినవారు సాయంత్రానికైనా దొరుకుతారు. వలస వెళ్లిన కుటుంబం దొరకదు. నగరంలోని పెద్ద అపార్టుమెంట్లలో గేటు దగ్గర వాచ్‌మన్‌ను దాటడమే ఒక ఘట్టం. దాటినా, ఉప్పు మొదలు విమాన టిక్కెట్టు వరకు ఎంత ఖర్చు పెట్టారో వరుసగా అడిగే ప్రశ్నావళికి గంటల కొద్దీ సమయం ఇచ్చే సంపన్న గృహాలు తక్కువ. ఆదాయపు పన్ను వారికి తెలిసిపోతుందేమోనన్న అనుమానం సరేసరి. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టంలో సమాచారం ఇవ్వని వ్యక్తికి వెయ్యి రూపాయల వరకు, కంపెనీకి ఐదు వేల వరకు జరిమానా విధించే వీలు కల్పించారు. ఎన్యూమరేటర్ చేతిలో మాత్రం మర్యాదపూర్వకమైన విన్నపం తప్ప వేరే ఆయుధం లేదు.

పక్కింటివారి జవాబు

జాతీయ నమూనా సర్వే నివేదికలలో జవాబు రాని కుటుంబాల శాతం బహు స్వల్పంగా కనిపిస్తుంది. దీనికి కారణం ప్రత్యామ్నాయ పద్ధతి. ఎంపికైన కుటుంబం దొరకకపోతే ముందుగా నిర్ణయించిన నియమం ప్రకారం మరొక కుటుంబాన్ని తీసుకుంటారు. ఫారంలో ఒక గడి ఉంటుంది: అసలు కుటుంబమైతే 1, ప్రత్యామ్నాయమైతే 2, రెండూ దొరకకపోతే 3. ఈ మూడవ దానిని ఆ శాఖ పరిభాషలో 'కాజువాల్టీ' అంటారు. పక్క గడిలో ప్రత్యామ్నాయానికి కారణం రాయాలి: ఇంటివారికి తీరిక లేదు, ఊరిలో లేరు, సహకరించలేదు, ఇతరములు. జవాబు చెప్పినవారిలోనూ సహకరించినవారెవరు, అయిష్టంగా చెప్పినవారెవరు అని గుర్తు వేసే గడి మరొకటి ఉంటుంది.

ప్రత్యామ్నాయంతో సంఖ్య పూర్తి అవుతుంది. లోపం పూర్తి కాదు. తీరిక లేని వ్యాపారి ఇంటికి బదులు తీరిక ఉన్న విశ్రాంత ఉద్యోగి ఇంటిని చేర్చితే నమూనాలో ఒక ఇల్లు తగ్గలేదు, నిజమే. వ్యాపారుల వాటా మాత్రం తగ్గింది. 98 శాతం, 99 శాతం స్పందన అని చదివే పాఠకుడికి ఈ సంగతి తెలిసే అవకాశం తక్కువ.

వంద ఇళ్ల ఉదాహరణ

సవరణ ఎలా జరుగుతుందో ఒక చిన్న ఊహాచిత్రంతో చూడవచ్చు. ఒక పట్టణంలో వంద ఇళ్లు ఉన్నాయనుకుందాం. వాటిలో 80 సామాన్యులవి, నెలకు తలా 10 వేల రూపాయల ఖర్చు. మిగిలిన 20 సంపన్నులవి, నెలకు తలా 50 వేలు. అసలు సగటు 18 వేలు. దారిద్య్ర రేఖ 12 వేల దగ్గర ఉన్నదనుకుంటే పేద ఇళ్లు 80 శాతం.

ఇప్పుడు సర్వే జరిగింది. సామాన్యులలో పదింట తొమ్మిది ఇళ్లు, అంటే 72 జవాబిచ్చాయి. సంపన్నులలో పదింట నాలుగే, అంటే 8 ఇళ్లు జవాబిచ్చాయి. చేతికి వచ్చిన 80 ఫారాలను ఉన్నవి ఉన్నట్టు కూడితే సగటు ఖర్చు 14 వేలకు పడిపోతుంది. పేదల వాటా 90 శాతానికి ఎగబాకుతుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ లెక్క తప్పలేదు. అయినా చిత్రం తప్పింది.

గణాంక శాస్త్రం చెప్పే మందు గుణకాల సవరణ. ప్రతి వర్గంలోనూ జవాబిచ్చిన ఇళ్ల మీదకు జవాబివ్వని ఇళ్ల భారాన్ని మోపుతారు. సామాన్యుల ఇంటి గుణకాన్ని 80ని 72తో భాగించి 1.11 చేస్తారు. సంపన్నుల ఇంటి గుణకం 20ని 8తో భాగించగా 2.5 అవుతుంది. అప్పుడు సగటు తిరిగి 18 వేలకు, పేదల వాటా తిరిగి 80 శాతానికి వస్తాయి.

ఇందులో రెండు షరతులు దాగి ఉన్నాయి. మొదటిది, ఏ వర్గంలో అసలు ఎన్ని ఇళ్లు ఉన్నాయో ముందే తెలియాలి. రెండవది మరీ కీలకమైనది: జవాబివ్వని సంపన్నుడు జవాబిచ్చిన సంపన్నుడి వంటివాడే అని నమ్మాలి. తలుపు తీయని ఆ 12 ఇళ్ల ఖర్చు 50 వేలు కాక 75 వేలు అయితే అసలు సగటు 21 వేలు. సవరించిన అంచనా మాత్రం 18 వేల దగ్గరే నిలిచిపోతుంది. జవాబివ్వనివాడి గురించి జవాబిచ్చినవారిని అడిగి ఎంతవరకు తెలుసుకోగలం? గుణకం ఎంత నేర్పుగా కట్టినా ఈ ప్రశ్న మిగిలే ఉంటుంది.

అందరికీ ఒకే హెచ్చింపు

సవరణ పేరిట జరిగిన పెద్ద వివాదం మన ప్రణాళికా సంఘంలోనే జరిగింది. నమూనా సర్వే చెప్పే మొత్తం వినియోగం ఒక అంకె. జాతీయ ఆదాయ లెక్కల నుంచి వచ్చే మొత్తం వినియోగం మరొక అంకె. రెండవది ఎప్పుడూ పెద్దది. 1970ల చివరలో ఈ వ్యత్యాసం పది శాతం లోపు ఉండేది. 2009-10 నాటికి అది సగాన్ని మించిందని సి.రంగరాజన్ అధ్యక్షతలోని నిపుణుల బృందం 2014 నివేదిక పేర్కొంది. మొత్తం వ్యత్యాసాన్ని జవాబివ్వని సంపన్నుల ఖాతాలోనే వేయలేము. రెండింటి నిర్వచనాలు వేరు. జ్ఞాపకం మీద చెప్పే ఖర్చులలో మరపులు ఉంటాయి. జాతీయ ఆదాయ లెక్కలలోనూ ఊహలు తక్కువేమీ కాదు.

ఈ రెండు అంకెలను కలపడానికి ప్రణాళికా సంఘం ఒకప్పుడు తేలిక మార్గం ఎంచుకుంది. సర్వేలోని ప్రతి కుటుంబం ఖర్చునూ ఒకే నిష్పత్తిలో పెంచి, మొత్తం జాతీయ ఆదాయ లెక్కతో సరిపోయేలా చేసేది. పై ఉదాహరణలో దీనిని పెట్టి చూస్తే ఫలితం తెలుస్తుంది. సగటు 14 వేల నుంచి 18 వేలకు రావాలంటే ప్రతి ఇంటి ఖర్చునూ సుమారు 1.29 రెట్లు చేయాలి. 10 వేలు ఖర్చు పెట్టే ఇల్లు కాగితం మీద 12,857 రూపాయలు ఖర్చు పెట్టిన ఇల్లు అవుతుంది. 12 వేల రేఖను దాటిపోతుంది. తలుపు తీయని సంపన్నుల ఖర్చును పేదలకు పంచినందువల్ల పట్టణంలో ఒక్క పేద ఇల్లూ మిగలదు!

ఇది పరిహాసం కోసం చెప్పిన ఉదాహరణ కాదు. 1987-88 సంవత్సరానికి ప్రణాళికా సంఘం ఈ పద్ధతిలో దారిద్య్ర రేఖ దిగువన ఉన్నవారు 29.9 శాతమని ప్రకటించింది. ప్రొఫెసర్ డి.టి.లక్డావాలా అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల బృందం 1993 నివేదికలో ఈ హెచ్చింపును తోసిపుచ్చి, సర్వే అంకెలనే తీసుకుని, రాష్ట్రాలవారీ ధరలతో రేఖను సరిదిద్ది 39.3 శాతమని తేల్చింది. అంతకుముందే, 1988లో, ఆర్థికవేత్త బి.ఎస్.మిన్హాస్ ఈ గుడ్డి హెచ్చింపును తీవ్రంగా విమర్శించారు. రేషన్ బియ్యం కోటాల నుంచి గ్రామీణ ఉపాధి పథకాల నిధుల దాకా రాష్ట్రాల వాటాలు పేదల సంఖ్యను బట్టి నిర్ణయమైన రోజులలో ఈ తొమ్మిది శాతం తేడా పండితుల చర్చకే పరిమితమైన విషయం కాదు.

2022 నాటి రెండు అంకెల వెనుక ఉన్నదీ ఈ పాత తగవే, రూపం మాత్రం మారింది. భల్లా బృందం 2011-12 సర్వేను ఆధారంగా తీసుకుని జాతీయ ఆదాయ లెక్కలలోని వృద్ధి రేటుతో దానిని ముందుకు జరిపింది. ఆపై ఉచిత రేషన్ విలువను కలిపింది. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు అలా చేయలేదు. ప్రైవేటు సంస్థ సి.ఎం.ఐ.ఇ. సర్వేను తీసుకుని, దానిలోని గుణకాలను మార్చారు.

పేదలు తప్పిపోయిన సర్వే

ఆ గుణకాలు మార్చవలసిన అవసరం ఎందుకు వచ్చింది? ప్రభుత్వ సర్వేలో సంపన్నులు తప్పిపోతున్నారని వాదన. సి.ఎం.ఐ.ఇ. సర్వేలో పేదలు తప్పిపోయారని 2021లో జీన్ డ్రెజ్, అన్మోల్ సోమంచి ఎత్తి చూపారు. వారి విమర్శలో ఒక అంశం ఆసక్తికరమైనది. ఇళ్ల ఎంపిక ఊరి ప్రధాన వీధి నుంచి మొదలవుతుంది. మన ఊళ్లలో ప్రధాన వీధిలో ఎవరి ఇళ్లు ఉంటాయో, చివరి వాడలో ఎవరి ఇళ్లు ఉంటాయో తెలిసినవారికి ఈ విమర్శ సారం వివరించనక్కర్లేదు. అక్షరాస్యత వంటి అంశాలలో ఆ సర్వే చూపిన స్థాయి అధికారిక సర్వేలతో పోలిస్తే ఎక్కువగా ఉందని వారు చూపారు. సంస్థ తరఫున మహేశ్ వ్యాస్ ఈ విమర్శలకు సమాధానమిచ్చారు.

ప్రపంచ బ్యాంకు పరిశోధకులు చదువు, ఆస్తులు, కుటుంబ పరిమాణం వంటి లక్షణాలలో ఈ సర్వే అధికారిక సర్వేలతో సరిపోలే వరకు కుటుంబాల గుణకాలను పెంచుతూ, తగ్గిస్తూ పోయారు. తక్కువగా చిక్కిన నిరుపేద కుటుంబానికి ఎక్కువ భారం, ఎక్కువగా చిక్కిన చదువుకున్న కుటుంబానికి తక్కువ భారం. ఆ తరువాత వచ్చిన అంకె 10.2 శాతం. వారి లెక్కలో 2011లో ఇది 22.5 శాతం. పేదరికం తగ్గిందని రెండు బృందాలూ అంటున్నాయి. దాదాపు మాయమైందా, సగానికి తగ్గిందా అన్న దగ్గరే తగవు.

2020లో కొవిడ్ లాక్‌డౌన్ ఈ సమస్యను మరింత తీవ్రం చేసింది. అధికారిక కార్మిక సర్వే క్షేత్రస్థాయి పని మార్చిలో ఆగి జూన్‌లో గానీ తిరిగి మొదలుకాలేదు. ఇళ్లకు వెళ్లలేనప్పుడు టెలిఫోన్ మీద ఆధారపడక తప్పలేదు. ఫోను ఎత్తేవారు, ఎత్తనివారు అన్న కొత్త విభజన ఒకటి వచ్చి చేరింది.

పాత చిట్కాలు, కొత్త లెక్కలు

జవాబు రాని సమస్యకు శాస్త్రవేత్తలు వెదికిన మార్గాలు కొన్ని చాలా తెలివైనవి. 1946లో అమెరికన్ గణాంకవేత్తలు మోరిస్ హాన్సెన్, విలియం హర్విట్జ్ ఒక ఉపాయం సూచించారు. పోస్టులో పంపిన ప్రశ్నావళికి జవాబివ్వనివారందరి వెంటా పడనవసరం లేదు. వారిలో నుంచి లాటరీ పద్ధతిలో కొద్దిమందిని ఎంచి, ఎంత ఖర్చయినా మనిషిని పంపి వారి జవాబు రాబట్టాలి. ఆ కొద్దిమంది మిగిలిన మౌనులందరికీ ప్రతినిధులవుతారు. జవాబివ్వనివారిని గురించి ఊహించడానికి బదులు వారినే అడగడం ఇందులోని గొప్పదనం. ఖర్చు ఎక్కువ కనుక పాటించేవారు తక్కువ.

1949లో పోలిట్జ్, సిమ్మన్స్ అనే ఇద్దరు మరో దారి చూపారు. ఇంట్లో దొరికిన వ్యక్తిని 'గడచిన ఐదు సాయంత్రాలలో ఈ వేళకు ఎన్నిసార్లు ఇంట్లో ఉన్నారు?' అని అడగాలి. రోజూ ఇంట్లో ఉండేవాడు సర్వేకు సులభంగా చిక్కుతాడు కనుక అతని భారం తగ్గించాలి. ఎప్పుడో ఒకసారి మాత్రమే ఉండేవాడు అదృష్టవశాత్తు చిక్కాడు కనుక అతని భారం పెంచాలి. రెండోసారి వెళ్లే పని కూడా తప్పుతుంది.

చిక్కే అవకాశం అందరికీ సమానం కానప్పుడు చేతికందిన సమాచారాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న ప్రశ్నకు విస్తృతమైన గణిత రూపం ఇచ్చినవారిలో తెలుగువాడైన కల్యంపూడి రాధాకృష్ణారావు ముఖ్యులు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో మహలనోబిస్ సరసన పనిచేసిన సి.ఆర్.రావు 1965లో ప్రచురించిన పత్రంలో 'భారిత విభాజనాల' భావనను ప్రతిపాదించారు. 2023 ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

ఇటీవలి పరిశోధనలో మార్టిన్ రవాలియన్, ఆంటన్ కొరినెక్, యోహాన్ మిస్టియెన్ అమెరికా సర్వేలను పరిశీలించి ఒక ముఖ్య విషయం చూపారు. ఆదాయం పెరిగేకొద్దీ జవాబిచ్చే అవకాశం తగ్గుతోంది. దానిని సవరిస్తే సగటు ఆదాయం, అసమానత గణనీయంగా పెరుగుతాయి. పేదరికపు శాతం మీద ప్రభావం మాత్రం స్వల్పమే. అక్కడి ఫలితాన్ని ఇక్కడికి యథాతథంగా అన్వయించలేము. అయినా సర్వే అంకెలను జాతీయ ఆదాయంతో కలిపే పేరిట పేదల ఖర్చును కూడా పెంచేయడం ఎంత తొందరపాటో అది గుర్తు చేస్తోంది.

కంపెనీలూ జవాబివ్వవు

ఈ సమస్య ఇళ్లకే పరిమితం కాదు. 2015 జనవరిలో కొత్త స్థూల జాతీయోత్పత్తి శ్రేణి వెలువడినప్పుడు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వద్ద కంపెనీలు దాఖలు చేసే వార్షిక లెక్కలను మొదటిసారి పెద్ద ఎత్తున వాడుకున్నారు. లెక్కలు సకాలంలో దాఖలు చేయని కంపెనీల మాటేమిటి? దాఖలు చేసిన కంపెనీల ఉత్పత్తిని తీసుకుని, మొత్తం కంపెనీల చెల్లించిన మూలధనానికి, దాఖలు చేసిన కంపెనీల మూలధనానికి ఉన్న నిష్పత్తిలో హెచ్చించారు. గుణకాల సవరణ సూత్రమే ఇది. షరతు కూడా అదే: దాఖలు చేయని కంపెనీ, దాఖలు చేసిన కంపెనీ వంటిదే కావాలి.

ఆర్థికవేత్త ఆర్.నాగరాజ్ అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. లెక్కలు ఇవ్వని కంపెనీలలో అనేకం పేరుకే ఉన్న డొల్ల కంపెనీలు కావచ్చు. వాటికి ఉత్పత్తిని అంటగడితే అంచనా ఉబ్బిపోతుంది. 2017లో ప్రభుత్వమే 2 లక్షలకు పైగా కంపెనీల పేర్లను రిజిస్టరు నుంచి కొట్టివేసింది. 2019లో వెలువడిన నమూనా సర్వే 74వ విడత సాంకేతిక నివేదిక ఈ వాదానికి ఆజ్యం పోసింది. సేవారంగ సర్వే కోసం ఆ జాబితా నుంచి ఎంచుకున్న కంపెనీలలో మూడో వంతుకు పైగా ఆచూకీ దొరకలేదు, లేదా వేరే రంగానికి చెందినవని తేలింది. స్థూల జాతీయోత్పత్తి అంచనాలపై దీని ప్రభావం లేదని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. ఇళ్ల సర్వేలో జవాబు లేకపోతే అంచనా తగ్గుతుందని, కంపెనీల విషయంలో పెరుగుతుందని వాదన నడవడం గమనార్హం.

తాజా సర్వేలో మార్పులు

2017-18 వినియోగ సర్వే ఫలితాలను నాణ్యత లోపాల పేరిట 2019 నవంబరులో ప్రభుత్వం నిలిపివేసింది. 2022-23లో మళ్లీ సర్వే చేపట్టినప్పుడు సంపన్నులు తప్పిపోకుండా ఎంపిక దశలోనే ఒక జాగ్రత్త తీసుకున్నారు. పట్టణాలలో ఇళ్లను సొంత కారు ఉన్నవి, లేనివి అని, కారు ధరను బట్టి విడివిడి వర్గాలుగా చేశారు. గ్రామాలలో భూమి విస్తీర్ణాన్ని బట్టి విభజించారు. ఒకే సుదీర్ఘ ప్రశ్నావళికి బదులు మూడు విడివిడి ప్రశ్నావళులతో మూడుసార్లు వెళ్లారు. పేరుకు ఇది నమూనా రూపకల్పనే అయినా, పనిలో ఇది జవాబు రాని సమస్యకు ముందస్తు వైద్యం.

ఆ ఏడాది తలసరి నెలసరి ఖర్చు గ్రామాలలో 3,773 రూపాయలు, పట్టణాలలో 6,459 రూపాయలుగా తేలింది. 2011-12లో ఇవి వరుసగా 1,430, 2,630 రూపాయలు. 2023-24లో 4,122, 6,996కు చేరాయి. పెరుగుదలలో ధరల వాటా ఉన్నది. పద్ధతి మారినందువల్ల పెరిగిన భాగమూ ఉన్నదని, కనుక పాత సర్వేతో నేరుగా పోల్చడం తగదని పలువురు ఆర్థికవేత్తలు అభిప్రాయపడ్డారు. సర్వేను మెరుగుపరిచిన ప్రతిసారీ చెల్లించవలసిన మూల్యం ఇది. కొత్త అంకె నిజానికి దగ్గరవుతుంది, పాత అంకెకు దూరమవుతుంది.

సవరణకు కావలసిన మొదటి షరతు, ఏ వర్గంలో ఎన్ని ఇళ్లు ఉన్నాయో తెలియడం, ప్రస్తుతం బలహీనంగా ఉంది. 2011 తరువాత జనగణన జరగకపోవడంతో 2022-23, 2023-24 సర్వేలలో గ్రామాల ఎంపికకు ఆనాటి జాబితానే ఆధారమైంది. అధికారిక నమూనాలలో గ్రామాల వాటా నిజానికి మించి ఉన్నదని 2023లో ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి సభ్యురాలు శమికా రవి విమర్శించడంతో వివాదం రేగింది. ఆ జూలైలో ప్రణబ్ సేన్ అధ్యక్షతన ప్రభుత్వం ఒక స్థాయీ సంఘాన్ని నియమించింది.

జనగణన కూడా ఇంటింటి లెక్కే కనుక అందులోనూ కొందరు తప్పిపోతారు. ఎందరు తప్పిపోయారో తెలుసుకోవడానికి లెక్క ముగిసిన తరువాత కొన్ని చోట్ల మళ్లీ సర్వే చేస్తారు. 2011లో వెయ్యికి 23 మంది చొప్పున తప్పిపోయినట్లు అది తేల్చింది. అమెరికాలో ఇటువంటి లోటును కలపాలా వద్దా అన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మన దేశంలో ఆ శాతాన్ని ప్రచురిస్తారు, జనాభా అంకెను మాత్రం మార్చరు. 2025 జూన్‌లో నోటిఫికేషన్ వెలువడిన జనగణనకు దేశంలో అత్యధిక ప్రాంతాలలో 2027 మార్చి 1 ప్రాతిపదిక తేదీ. సర్వేలకు కొత్త గ్రామాల జాబితా, కొత్త గుణకాలు దాని తరువాతే వస్తాయి.